కొత్తగా తుపాకి కొన్నవారు, కొనబోతున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు: వరంగల్, ఉత్తర తెలంగాణ ఔత్సాహికుల కోసం

ఆదివారం ఉదయాల్లో హనుమకొండలో కలిసే మా చిన్న బృందంలో ఎవరు కొత్తగా ఎయిర్ రైఫిల్ కొన్నా, ఎవరికి లైసెన్సు తుపాకి చేతికొచ్చినా ముందుగా దాని ముచ్చట చెప్పుకోవడం రివాజు. ఆ ముచ్చట పావుగంట సాగేసరికి పోయిన నెల అడిగిన సందేహాలే మళ్లీ వస్తాయి. ప్రతిసారీ నోటితో జవాబు చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించి ఈ పుట తయారుచేశాను. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. చట్టం గురించిన మాటలన్నిటికీ 1959 నాటి ఆయుధాల చట్టం, దానికి 2019లో వచ్చిన సవరణ, 2016 ఆయుధాల నియమాలు ఆధారం.

## కొనాలనుకున్నప్పుడు

నాకు తుపాకులంటే ఇష్టం. ఇంతవరకు ఒక్కటీ కొనలేదు. దేనితో మొదలుపెట్టాలి?

4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. దాన్ని పిల్లల ఆటవస్తువుగా చూడవద్దు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల విభాగంలో కాంస్యం గెలిచింది ఈ కొలత రైఫిల్‌తోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఊపిరి, భుజం, ట్రిగ్గర్ మీది వేలు అదుపులోకి రానిదే ఆ చుక్క దొరకదు. లైసెన్సు తుపాకితో ప్రతి తూటాకూ లెక్క ఉంటుంది కనుక సాధన సాగదు. ఎయిర్ రైఫిల్‌తో ఒక సాయంత్రం వంద ఛర్రాలు (పెల్లెట్లు) కాల్చినా పెద్ద ఖర్చు కాదు. ఒక ఏడాది దానితో గడిపిన తర్వాత కూడా లైసెన్సు తుపాకి కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. మాలో కొందరికి ఆ ఏడాది గడిచేసరికి ఆ కోరికే పోయింది.

ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదని దుకాణంలో చెప్పారు. నిజమేనా?

షరతులతో నిజం. గొట్టం కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 అంగుళం మించకూడదు. గొట్టం దాటే క్షణాన ఛర్రా శక్తి 20 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) మించకూడదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా అది లైసెన్సు కావలసిన ఆయుధమే. "గాలి తుపాకే కదా" అనుకుని .22 ఎయిర్ రైఫిల్ కొనేవారు చిక్కుకునేది ఇక్కడే.

శక్తిని మీరే లెక్క కట్టుకోవచ్చు. ఛర్రా బరువును కిలోగ్రాముల్లో తీసుకుని, సెకనుకు ఎన్ని మీటర్లో ఆ వేగపు వర్గంతో గుణించి, సగం చేస్తే జౌళ్లు వస్తాయి. అర గ్రాము ఛర్రా సెకనుకు 280 మీటర్ల వేగంతో వెళితే 19.6 జౌళ్లు, హద్దు లోపలే. అదే ఛర్రా 300 మీటర్ల వేగంతో వెళితే 22.5 జౌళ్లు, హద్దు దాటినట్టు. పెట్టె మీద "సెకనుకు 1000 అడుగులు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, అది ఏ బరువు ఛర్రాతో కొలిచిన వేగమో అడగండి. 0.35 గ్రాముల తేలికపాటి ఛర్రాతో ఆ వేగం అంటే సుమారు 16 జౌళ్లే. అర గ్రాము ఛర్రాతో అయితే 23 దాటుతుంది. నా మొదటి రైఫిల్‌ను ఆ పెద్ద అక్షరాలు చూసే కొన్నాను. ఛర్రా బరువు అడగాలని నాకు అప్పుడు తెలియదు.

గొట్టం కొలత, శక్తి రెండూ బిల్లులో రాయించుకుని, ఆ బిల్లు నకలును రైఫిల్ సంచిలోనే ఉంచండి. ఇంటికి తెచ్చాక బలమైన స్ప్రింగ్ వేయించే పని మాత్రం పెట్టుకోవద్దు. లైసెన్సు అక్కర్లేని వస్తువు ఆ ఒక్క మార్పుతో లైసెన్సు లేని ఆయుధం అవుతుంది.

స్ప్రింగ్‌ది కొనాలా, పీసీపీ కొనాలా?

స్ప్రింగ్ రైఫిల్‌లో గొట్టాన్నో మీటనో లాగినప్పుడు లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ముషలకం (పిస్టన్) ముందుకు దూకి గాలిని నొక్కి ఛర్రాను తోస్తుంది. విడి సామాను ఏదీ అక్కర్లేదు, ధర తక్కువ, అయితే ఛర్రా గొట్టం దాటకముందే రైఫిల్ కుదుపుతుంది కనుక ప్రతిసారీ ఒకే తీరులో పట్టుకోవడం నేర్చుకోవాలి. పీసీపీలో, అంటే ప్రీ-చార్జ్డ్ న్యూమాటిక్ రైఫిల్‌లో, ముందుగానే నింపిన గాలి సిలిండర్ ఉంటుంది. కుదుపు దాదాపు ఉండదు, పోటీల్లో వాడేది అదే. కానీ దానికి చేతిపంపో, డైవింగ్ సిలిండరో, కంప్రెసరో కావాలి. మంచిర్యాలలోనో భూపాలపల్లిలోనో ఉండేవారు గాలి ఎక్కడ నింపించుకుంటారో తేల్చుకున్న తర్వాతే పీసీపీకి డబ్బు కట్టాలి.

భూములు, ఆస్తులు ఉన్నవాళ్లకే తుపాకి లైసెన్సు ఇస్తారట కదా?

దొరల కాలం నుంచి మన జిల్లాల్లో పాతుకుపోయిన నమ్మకం ఇది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అధికారి చూసేవి వేరు: మీకు 21 ఏళ్లు నిండాయా, మీ మీద కేసులేమైనా ఉన్నాయా, మానసిక, శారీరక ఆరోగ్యం ఎలా ఉంది, తుపాకి భద్రంగా పెట్టుకునే ఏర్పాటు ఇంట్లో ఉందా, అన్నిటికంటే ముఖ్యంగా మీరు చెప్పిన అవసరం నిజమైనదేనా. "హోదా కోసం" అని ఎవరూ రాయరు గానీ, విచారణకు వచ్చిన అధికారికి ఆ సంగతి రెండు ప్రశ్నల్లోనే తెలిసిపోతుంది. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రజాహితం దృష్ట్యా కారణాలు చెప్పకూడదని అధికారి భావించిన సందర్భాలు మాత్రం దీనికి మినహాయింపు. నిరాకరణ మీద అప్పీలు చేసుకునే హక్కు మీకుంది.

దరఖాస్తు కలెక్టర్‌కు పెట్టాలా, పోలీస్ కమిషనర్‌కు పెట్టాలా?

మీ ఇల్లు ఏ పరిధిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ వంటి పోలీస్ కమిషనరేట్ల పరిధిలో ఉన్నవారికి కమిషనర్ కార్యాలయం. ఎస్పీల పరిధిలో ఉన్న ఆదిలాబాద్, ములుగు వంటి జిల్లాల వారికి జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాలు వరంగల్ కమిషనరేట్ కిందికే వస్తాయి. దరఖాస్తు ఏ-1 ఫారంలో ఉంటుంది. మంజూరైన ప్రతి లైసెన్సుకూ జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ఒక విశిష్ట సంఖ్య ఉండాలి. అది లేని లైసెన్సు చెల్లదు. ఆ సంఖ్య పడిందో లేదో లైసెన్సు పుస్తకం చేతికందిన రోజే చూసుకోండి.

మా ఊరు పాకాల అభయారణ్యానికి దగ్గర. లైసెన్సు ఇస్తారా?

ఇవ్వకూడదన్న నిషేధం లేదు, అయితే ఒక మెట్టు ఎక్కువ ఎక్కాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. అప్పటికే లైసెన్సు ఉన్నవారు కూడా అక్కడ తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. ఏటూరునాగారం, కవ్వాల్ చుట్టుపక్కల ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. చాలామంది ఈ సంగతి తెలియక ఫైలు ఎక్కడో ఆగిపోయిందని ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతుంటారు.

అడవిపందులు మక్క చేను నాశనం చేస్తున్నాయి. తుపాకి కొంటే సమస్య తీరుతుందా?

తీరదు. పంట రక్షణ కోసం మందు కూరి కాల్చే భర్మార్ తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ తుపాకి లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. చేనులోకి వచ్చిన పందిని కాల్చాలన్నా చట్టప్రకారం అధికారం ఉన్నవారి రాతపూర్వక అనుమతి ఉండాలి. అది లేకుండా కాలిస్తే లైసెన్సు ఉన్నా వేట కేసే. గ్రామ పంచాయతీ ద్వారా దరఖాస్తు పెట్టి, అటవీ శాఖ గుర్తించిన షూటర్లను పిలిపించుకోవడమే దారి. రాత్రిపూట మక్క చేనులో కదిలేది పందో, నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతో తెలియని చీకట్లో తుపాకి పట్టుకుని కూర్చోవడం ఎంత ప్రమాదమో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కర్లేదు.

ఒకరికి ఎన్ని తుపాకులు ఉండవచ్చు?

రెండు. 2019 సవరణకు ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ రెండింటి లెక్కలోకే వస్తాయి. అంతర్జాతీయ స్థాయి క్రీడాకారులకు వేరే పరిమితులున్నాయి. లైసెన్సు అక్కర్లేని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిళ్లు ఈ లెక్కలోకి రావు.

## దుకాణంలో

9 ఎంఎం పిస్టల్ కొనవచ్చా? సినిమాల్లో అందరి దగ్గరా అదే ఉంటుంది.

సాధారణ పౌరులు కొనలేరు. 9 ఎంఎం, .38, .303, 7.62 వంటివి పోలీసు, సైనిక దళాలు వాడే నిషిద్ధ బోర్లు (గొట్టపు కొలతలు). మామూలు లైసెన్సు మీద దొరికేవి .32 రివాల్వర్, .32 పిస్టల్, .22, .315 రైఫిల్, 12 బోర్ తుపాకి వంటివి. సినిమా చూసి దుకాణానికి వెళ్లేవారికి ముందుగా తగిలే నిరాశ ఇదే.

లైసెన్సు వచ్చింది. .32 రివాల్వర్ మంచిదా, 12 బోర్ మంచిదా?

ఇంటి రక్షణ, పొలంలో ఒంటరి ఇల్లు అయితే నేను 12 బోర్ వైపే మొగ్గుతాను. పొడవాటి తుపాకిని రెండు చేతులతో, భుజానికి ఆనించి పట్టుకుంటాం కనుక పొరపాటున గొట్టం పక్కకు తిరగడం తక్కువ. రివాల్వర్ గొట్టం చిన్నది. మణికట్టు కొంచెం వంగినా గురి ఎటో పోతుంది. సాధన లేని చేతిలో రివాల్వర్ ఎదుటివాడి కంటే ఇంట్లోవారికే ఎక్కువ ముప్పు అని నా అభిప్రాయం.

డబ్బు సంచులతో తిరిగే వ్యాపారులకు మాత్రం పొడవాటి తుపాకి కుదరదు. రివాల్వర్లలో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారాల సరుకే మన దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. 2014లో మహిళల కోసమని అర కిలో బరువుతో తెచ్చిన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్ రెండూ .32 బోర్ రివాల్వర్లే. నిర్భీక్ వచ్చిన కొత్తలో దాని ధర 1,22,360 రూపాయలు. ఆ ధర చూసి మహిళలు ఎందరు కొనగలరని అప్పట్లో గట్టి విమర్శే వచ్చింది. ఆయుధ కర్మాగారాల బోర్డు 2021 అక్టోబరులో ఏడు సంస్థలుగా విడిపోయింది కనుక పాత రివాల్వర్ మీద ఒక పేరు, కొత్తదాని బిల్లు మీద మరో పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

12 బోర్ అంటే ఆ 12 దేనికి లెక్క?

ఒక పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదహారు గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు చిన్నదవుతుంది కనుక 16 బోర్ గొట్టం 12 కంటే సన్నం. అంకె పెరిగితే గొట్టం పెద్దదని అనుకోవడం సహజమైన పొరపాటు.

తెలిసినాయన తన పాత రివాల్వర్ అమ్ముతానంటున్నాడు. నేరుగా కొనవచ్చా?

మీ లైసెన్సులో ఆ రకం ఆయుధానికి అనుమతి ఉంటే కొనవచ్చు. అయితే ఫలానా వ్యక్తికి ఫలానా ఆయుధం అమ్మబోతున్నానని అమ్మేవారు జిల్లా మేజిస్ట్రేట్‌కో, దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేసిన తర్వాత 45 రోజులు గడవాలి. ఆ లోపల డబ్బు చేతులు మారినా తుపాకి చేతులు మారకూడదు. కొన్నాక మీ లైసెన్సులో నంబరు ఎక్కించుకోవడం, ఆయన లైసెన్సులో తీసివేయించడం రెండూ జరిగాయో లేదో మీరే వెంటపడి చూసుకోండి.

చవకగా నాటు పిస్టల్ ఇప్పిస్తామంటున్నారు. తీసుకుని ఊరికే ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?

తీసుకోవద్దు. లైసెన్సు లేని తుపాకిని కాల్చకపోయినా, కేవలం దగ్గర ఉంచుకున్నందుకే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, జరిమానా ఉంటాయి. పైగా తపంచాలనే ఈ నాటు పిస్టళ్ల గొట్టాలు అందుకు తగిన ఉక్కుతో చేసినవి కావు. పేలేటప్పుడు పట్టుకున్న చేతినే చీల్చిన సందర్భాలు ఎన్నో. ఇలాంటివి కొన్న కబురుతో మా బృందం దగ్గరికి ఎవరూ రావద్దు.

## ఇంటికి తెచ్చాక

హైదరాబాద్‌లో కొని రైల్లో కాజీపేటకు తెచ్చుకోవచ్చా?

లైసెన్సు మీ పేరున ఉండి, అసలు పుస్తకం, బిల్లు మీ దగ్గర ఉంటే తెచ్చుకోవచ్చు. తుపాకి ఖాళీగా, పూర్తిగా కప్పి ఉన్న సంచిలో ఉండాలి. తూటాలు వేరే సంచిలో ఉండాలి. బోగీలో సంచి విప్పి తోటి ప్రయాణికులకు చూపించాలన్న సరదాను అదుపులో పెట్టుకోండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో తనిఖీ దగ్గర స్కానర్ కంటే ముందే పోలీసులకు మీరే చెప్పి కాగితాలు చూపించడం మంచిది. ఎయిర్ రైఫిల్ సంచి కూడా స్కానర్‌లో తుపాకిలాగే కనిపిస్తుంది కనుక దాని బిల్లు కూడా పైననే ఉంచుకోండి. ఇంటికి చేరాక లైసెన్సు తుపాకిని అధికారులకు చూపించి, వివరాలు పుస్తకంలో నమోదు చేయించే పనిని వాయిదా వేయవద్దు.

బీరువాలో బట్టల కింద పెడితే చాలదా?

చాలదు. ఇంట్లో పిల్లలకు తెలియని బీరువా మూల ఉండదు. గోడకు బోల్టులతో బిగించిన ఉక్కు పెట్టె, దానికి మంచి తాళం, తూటాలకు వేరే చోట వేరే తాళం ఉండాలి. తాళంచెవి దేవుడి పటం వెనక పెట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన రహస్యమే కనుక అదీ పనికిరాదు. పెట్టెలో పెట్టే ముందు ప్రతిసారీ తూటా గది తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. ఎయిర్ రైఫిల్‌కు చట్టం ఇంత కోరకపోయినా నేను రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచుతాను. ఆరు అడుగుల దూరంలో కంటికి తగిలిన ఛర్రాకు లైసెన్సు సంగతి తెలియదు.

పెరట్లో ఎయిర్ రైఫిల్ సాధన చేయవచ్చా?

చేయవచ్చు, లక్ష్యం వెనక ఛర్రాను పూర్తిగా ఆపే అడ్డు ఉంటే. రబ్బరు ముక్కలు గానీ, పాత బట్టలు గానీ గట్టిగా కూరిన చెక్కపెట్టె, దాని వెనక ఇటుక గోడ ఉంటే సరిపోతుంది. రాయి, ఇనుప రేకు ఎదురుగా ఉంటే ఛర్రా ఎగిరి మీ ముఖం మీదికే వస్తుంది. గురి తప్పి ప్రహరీ దాటిన ఛర్రా కొన్ని వందల మీటర్లు పోగలదు. సుబేదారి, నక్కలగుట్ట వంటి ఇళ్లు ఆనుకున్న కాలనీల్లో అంటే ఎన్నో డాబాలు దాటిపోతుంది. మేడ మీద సాధన చేయవద్దు. కాల్చేవారికీ చూసేవారికీ కళ్లద్దాలు ఉండాలి. ముందుగా పక్కింటివారితో ఒక మాట చెప్పండి. చెప్పకపోతే వారి ఫోను నేరుగా 100కు పోతుంది.

పిట్టలను, ఉడుతలను కొట్టవచ్చా? గాలి తుపాకే కదా.

కొట్టకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏ ఆయుధంతో అని అడగదు. కుందేలును గాలి తుపాకితో కొట్టినా వలతో పట్టినా వేటే. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే తప్పు కనుక, పాకాలకో లక్నవరానికో విహారానికి పోతూ కారు డిక్కీలో రైఫిల్ వేసుకుపోవద్దు. హంటర్ రోడ్డులో ఇల్లున్నంత మాత్రాన వేటకు హక్కు వచ్చిందనుకునే ఒక మిత్రుడి కోసం ఈ జవాబును ప్రత్యేకంగా రాశాను.

మన ఎండలకు, వానలకు తుపాకి పాడవకుండా ఏం చేయాలి?

వానకాలంలో తుప్పు, వేసవిలో వేడి, ఈ రెండే శత్రువులు. ముట్టుకున్న ప్రతిసారీ చెమట ఉప్పు ఉక్కు మీద మిగులుతుంది. పెట్టెలో పెట్టే ముందు తుపాకి నూనె అద్దిన మెత్తని గుడ్డతో గొట్టం తుడవండి. తోలు సంచి, స్పాంజి పెట్టె తేమను పట్టి ఉంచుతాయి కనుక వాటిని ప్రయాణానికే వాడండి, నిలవకు కాదు. పెట్టెలో సిలికా పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. 12 బోర్ కాల్చిన రోజే గొట్టంలో మసి శుభ్రం చేయాలి. రేపు చేద్దామనుకుంటే ఆ రేపు శ్రావణం దాటాక వస్తుంది.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌లో గాలి నొక్కే గదిలోకి మామూలు నూనె పోయవద్దు. ఒత్తిడికి అది మండి, చప్పుడు చేయడంతో పాటు సీలునూ తినేస్తుంది. ఛర్రా లేకుండా దాన్ని పేల్చడం కూడా మంచిది కాదు. ముషలకాన్ని ఆపే గాలి మెత్త ఉండదు కనుక అది పోయి ఉక్కుకు కొట్టుకుంటుంది. పీసీపీ సిలిండర్‌ను మే నెల ఎండలో నిలిపిన కారులో వదిలేయవద్దు.

## నలుగురికీ చూపించుకునేటప్పుడు

కొత్త తుపాకి ఫొటో పెట్టవచ్చా? అందరూ పెడుతున్నారు.

కొన్న వస్తువును చూపించుకోవాలన్న ముచ్చటను నేను తప్పు పట్టను. ఈ బృందం పుట్టిందే ఆ ముచ్చట మీద. కానీ ఫొటో ఎవరి కంట పడుతుందో మన చేతిలో ఉండదు. తుపాకి నంబరు, లైసెన్సు నంబరు, ఇంటి ముఖద్వారం, తుపాకి పెట్టె, ఇవి ఫొటోలో ఉంటే దొంగకు మీరే చిరునామా ఇచ్చినట్టు. తుపాకిని ఎవరివైపో గురిపెట్టినట్టు, నడుముకు దోపుకున్నట్టు, మీసం మెలేస్తూ దిగిన ఫొటోలు బెదిరింపు కింద చూడబడతాయి. అలాంటి వాటి మీద పోలీసులు కేసులు పెట్టడం, లైసెన్సు రద్దుకు రాయడం కొత్త సంగతేమీ కాదు.

మేము పాటించే పద్ధతి ఇది. తుపాకిని బల్ల మీద, తూటా గది తెరిచి, ఖాళీగా కనిపించేలా పెట్టి, నంబరు మీద గుడ్డ కప్పి ఫొటో తీస్తాం. పక్కన ఆ తుపాకితో కాల్చిన లక్ష్యపు కాగితం ఉండాలి. కాగితం లేని ఫొటోకు మా దగ్గర పెద్దగా మర్యాద లేదు. లక్ష రూపాయల రైఫిల్ పక్కన చెల్లాచెదురైన రంధ్రాలు, పదివేల రైఫిల్ పక్కన రూపాయి బిళ్ల కింద దాగే ఐదు రంధ్రాలు ఉంటే ఎవరి ముచ్చట ఎక్కువసేపు సాగుతుందో ఊహించవచ్చు.

స్నేహితుడు ఒక్కసారి పట్టుకుని సెల్ఫీ దిగుతానంటున్నాడు. ఇవ్వవచ్చా?

లైసెన్సు తుపాకి అయితే ఇవ్వవద్దు. లైసెన్సు లేని వ్యక్తి తుపాకి మోయడానికి చట్టం ఇచ్చిన మినహాయింపు చిన్నది: లైసెన్సుదారు ఎదుట గానీ, అతని రాతపూర్వక అనుమతితో గానీ మోయవచ్చు, అదీ మరమ్మతు కోసమో, లైసెన్సు రెన్యువల్ కోసమో, లైసెన్సుదారు వాడకం కోసమో మాత్రమే. ఆ జాబితాలో సెల్ఫీ లేదు. బావమరిదైనా, బాల్యమిత్రుడైనా ఇదే జవాబు. మొహమాటంగా ఉంటే "పుస్తకంలో నా పేరొక్కటే ఉందన్నా" అనండి. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు.

దసరా నాడు ఆయుధపూజలో తుపాకి పెట్టుకోవచ్చా?

ఇంట్లో, తలుపు లోపల పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. ఖాళీ చేసి, తూటాలను పెట్టెలోనే ఉంచి, పసుపు కుంకుమలు చెక్క భాగానికే అద్ది, పూజ అయ్యాక తుడిచి వెంటనే తాళం వేయండి. కుంకుమ గొట్టంలో పడితే తేమ పట్టి తుప్పు రేగుతుంది. జమ్మి చెట్టు దగ్గరికి, ఉర్సుగుట్ట మైదానానికి తుపాకి భుజాన వేసుకుని పోవడం మాత్రం కూడదు.

పెళ్లి బారాత్‌లో గాల్లోకి ఒక్కసారి పేలిస్తే తప్పా?

నేరం. పెళ్లిళ్లలో, మతపరమైన చోట్ల, జనం గుమిగూడిన వేడుకల్లో ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా పేల్చిన సంబరపు కాల్పులకు 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పెట్టింది. గాల్లోకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట కింద పడక తప్పదు.

## ఏళ్లు గడిచే కొద్దీ

ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకి స్టేషన్‌లో ఎందుకు పెట్టాలి? తిరిగి ఎప్పుడు ఇస్తారు?

ఎన్నికల ప్రకటన రాగానే జిల్లా స్థాయి పరిశీలన కమిటీ ఎవరి ఆయుధాలు జమ చేయించాలో నిర్ణయిస్తుంది. ఆదేశం అందాక స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. పోటీల్లో పాల్గొనే షూటర్లు, బ్యాంకు కాపలాదారుల వంటివారు మినహాయింపు కోరవచ్చు. ఫలితాలు వెలువడి వారం గడిచాక తిరిగి ఇస్తారు. ఇచ్చేటప్పుడు నూనె రాసి, గుడ్డ చుట్టి, నంబరు రసీదులో సరిగా పడిందో చూసి ఇవ్వండి. ఒక స్టేషన్‌లో మూడు నెలలు గోడకు ఆనించి ఉంచిన నా 12 బోర్ తుప్పు చారలతో తిరిగి వచ్చింది; ఆ తర్వాత నుంచి డీలరు దగ్గరే జమ చేస్తున్నాను, కొంత రుసుము అయినా సరే.

లైసెన్సు గడువు ఎంత? మరిచిపోతే?

2019 సవరణతో గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. మరిచిపోవడం సులభమైంది కూడా అందుకే. గడువు తీరిన మరునాటి నుంచి మీ దగ్గరున్నది లైసెన్సు లేని తుపాకి. రెండు నెలల ముందే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టి, దాఖలు రసీదును పుస్తకంలో ఉంచుకోండి.

నాన్నగారు పోయారు. ఆయన తుపాకి ఇంట్లోనే ఉంది. ఏం చేయాలి?

ముందు ఆ తుపాకిని, తూటాలను ఆలస్యం లేకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు డీలరు దగ్గరో జమ చేయండి. దినాలు అయ్యాక చూద్దామని పెట్టెలో ఉంచితే, లైసెన్సు లేని మీ దగ్గర ఆయుధం ఉన్నట్టే. తర్వాత వారసుల్లో ఎవరి పేరున లైసెన్సు కోరుతున్నారో నిర్ణయించుకుని, మిగతావారి సమ్మతి పత్రాలతో దరఖాస్తు పెట్టండి. పెద్దవారు బతికుండగానే ఈ పని చేసుకునే దారి కూడా ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడి పేరున బదిలీ కోరవచ్చు.

గడీ కాలం నాటి జంట గొట్టాల తుపాకి మా ఇంట్లో ఉంది, లైసెన్సు కూడా ఉంది. ఇప్పటి తూటాలు వేసి కాల్చవచ్చా?

తుపాకులు బాగుచేసే నిపుణుడికి చూపించకుండా కాల్చవద్దు. పాత తుపాకుల్లో తూటా గది తరచుగా 65 మిల్లీమీటర్లే ఉంటుంది. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే పడుతుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తే అది ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టం. నల్లటి తుపాకిమందు వాడిన కాలానికి చేసినది, ఇప్పటి పొగలేని మందు ఒత్తిడిని తట్టుకుంటుందని నమ్మలేం. అలాంటిదాన్ని గోడకు అలంకారంగా మార్చుకోవాలనుకుంటే, అది బాగుచేసినా పేలని స్థితిలో ఉంటేనో, వాడుకలో లేని పురాతన రకమైతేనో చట్టం మినహాయిస్తుంది. ఆ మాట మీరూ నేనూ కాదు, అధికారి తేల్చాలి.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. పోటీల్లోకి పంపాలంటే ముందు రైఫిల్ కొనాలా?

ముందు కొనవద్దు. మొదటి ఆరు నెలలు శిక్షణ కేంద్రం రైఫిల్‌తోనో పిస్టల్‌తోనో నేర్చుకోనివ్వండి. ఏది చేతికి నప్పుతుందో అప్పుడే తెలుస్తుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది పిస్టల్‌తో. పోటీ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు, ఎయిర్ పిస్టల్ 1.5 కిలోల వరకు ఉండవచ్చు. 75 నిమిషాల్లో 60 ఛర్రాలు కాల్చాలి. ఎదిగే వయసులో భుజం, నడుము ఆ బరువుకు అలవాటు పడాలి కనుక తుపాకి కంటే ముందు వ్యాయామం మొదలుపెట్టించండి. రైఫిల్ కొనే రోజు వచ్చినప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లి, చెంప ఆనే చెక్క ఎత్తు, భుజానికి ఆనే పొడవు ఆమె ఒంటికి తగ్గట్టు సవరించుకునే వీలున్నదే తీసుకోండి. పెద్దయ్యాక సరిపోతుందని పెద్ద కొలత కొనడం బడి యూనిఫారానికి చెల్లుతుంది, రైఫిల్‌కు చెల్లదు.